వారం రోజుల ఎదురుచూపు

1980లలో గుంతకల్లు స్టేషన్లో రైలు దిగి బయటికొస్తే మొదట చెవిన పడేది లాటరీ మైకు. "రేపే డ్రా, రేపే డ్రా, ఈ పొద్దు తప్పితే మళ్లీ వారం ఆగాల" అంటూ క్యాసెట్టులో రికార్డు చేసిన గొంతు తెల్లారి మొదలుపెడితే పొద్దు గూకేదాకా ఆగేది కాదు. టీ అంగళ్లు, పూల బుట్టలు, పాత పుస్తకాల బండ్లు, వాటి మధ్యలో ఆకుపచ్చ రంగు పూసిన చెక్క బంకులు. బంకు ముందు నాలుగైదు వరసల తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో టికెట్లు వేలాడదీసేవాళ్లు. కర్ణాటక, తమిళనాడు, కేరళ, సిక్కిం, నాగాలాండ్, చివరికి భూటాన్ కూడా. భారతదేశం పటంలో ఈశాన్య రాష్ట్రాలు ఎక్కడున్నాయో మా ఈడు పిల్లలకు బడికంటే ముందు ఆ తాళ్లే చెప్పాయి.

గుంతకల్లు రైళ్ల ఊరు. బొంబాయి, మద్రాసు, బెంగళూరు, బళ్లారి, ఏ దిక్కుకు పోయే బండైనా ఇక్కడ ఆగాల్సిందే. లోకో షెడ్డు పనివాళ్లు, గార్డులు, గ్యాంగ్‌మెన్లు, టీసీలు, నెల జీతం అందుకునే ఇందరు ఒక్కచోట ఉండటం మా కరువు సీమలో అరుదు. కాబట్టి లాటరీకి అది మంచి ఊరు. మా చిన్నాయన అక్కడ ఒక బంకు నడిపేవాడు. సెలవుల్లో నేను ఆయన పక్కన ముక్కాలి పీట మీద కూర్చునేవాణ్ని. టికెట్లు బెంగళూరు నుంచి రైల్లో కట్టలు కట్టలుగా వచ్చేవి. పెద్ద ఏజెంటు దగ్గర సబ్ ఏజెంటు, ఆయన దగ్గర బంకువాళ్లు, బంకువాళ్ల దగ్గర తిరిగి అమ్మేవాళ్లు. ఈ తిరిగి అమ్మేవాళ్లలో చూపు లేనివాళ్లు, కాళ్లు పడిపోయినవాళ్లు, మిల్లు పని పోయినవాళ్లు ఉండేవాళ్లు. మెడలో అట్టముక్క వేలాడేసుకుని, దాని మీద టికెట్లు పిన్నులతో గుచ్చుకుని ప్లాట్‌ఫారాల మీద తిరిగేవాళ్లు. చూపు లేని ఒకాయన టికెట్టు కాగితాన్ని వేళ్లతో తడిమి ఇది ఏ రాష్ట్రానిదో చెప్పేవాడు. ఒక్కో రాష్ట్రం వాడే కాగితం మందం ఆయన వేళ్లకు తెలుసు. సాయంత్రానికి లెక్క అప్పజెప్పి, మిగిలిన టికెట్లు తిరిగిచ్చి, ఆ రోజు కమిషన్ తీసుకుని ఇంటికి పోయేవాడు. నాలుగు నోళ్లు ఆ కమిషన్ మీదే బతికాయి.

టికెట్టు చూడటానికే ముచ్చటగా ఉండేది. కరెన్సీ నోటంత వెడల్పు, వెనక సన్నటి గీతల అల్లిక, ఒక మూల రాష్ట్ర ముద్ర, ఇంకో మూల డైరెక్టర్ సంతకం అచ్చు, మధ్యలో సీరీస్ అక్షరాలు, ఎర్రటి అంకెల్లో నంబరు. వెనక్కి తిప్పితే బహుమతుల పట్టిక, నిబంధనలు, పేరు, చిరునామా రాసుకునే ఖాళీ గీత. కొన్న వెంటనే అక్కడ సంతకం పెట్టమని చిన్నాయన అందరికీ చెప్పేవాడు. టికెట్టు పోయి ఇంకొకరికి దొరికితే సంతకమే సాక్ష్యం.

కొనడానికి వచ్చేవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో పట్టింపు.

"ఏమప్పా, ఏడుతో ముగిసేది ఉందా?"

"ఉందన్నా. ఏడు ఏడు రెండుసార్లు ఉండేది కూడా ఉంది, చూడు."

"వద్దులే, ఒక ఏడు చాలు. రెండుంటే అప్పు తీరదంట, మా ఇంట్లో చెప్పింది."

కొందరు వరసగా పది టికెట్లు, సున్న నుంచి తొమ్మిది దాకా ముగిసేవి, ఒక సెట్టుగా కొనేవాళ్లు. చివరి అంకె ప్రైజు ఎలాగైనా ఒకదానికి తగులుతుంది కదా అని. పెట్టిన డబ్బులో అది కొంచెమే తిరిగిచ్చేదైనా, పూర్తిగా పోలేదన్న తృప్తి మిగిలేది. చిన్న ప్రైజులను బంకు దగ్గరే ఇచ్చేసేవాళ్లు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ డబ్బును జేబులో వేసుకోకుండా తర్వాతి వారం టికెట్లుగా మార్చుకుని పోయేవాళ్లు. పెద్ద ప్రైజు మాత్రం టికెట్టును జాగ్రత్తగా బ్యాంకు ద్వారా ఆ రాష్ట్ర లాటరీ కార్యాలయానికి పంపి, నెలల తరబడి ఆగి తీసుకోవాల్సిందే. పెద్ద ప్రైజు టికెట్టు అమ్మినవాడికీ కొంత ముట్టేది. అందుకే ఏ బంకులో కొన్ని వేల రూపాయల ప్రైజు తగిలినా నెలల పాటు దాని మీద అట్ట వేలాడేది, ఆ టికెట్టు ఇక్కడే అమ్మామని.

మోసాలూ ఉండేవి. మూడు అంకెను గీకి, సిరా పెట్టి ఎనిమిది చేసేవాళ్లు. ఒకటిని ఏడు చేసేవాళ్లు. చిన్నాయన టికెట్టు అందుకోగానే ముందు ఎండకెత్తి పట్టుకునేవాడు. గీకిన చోట కాగితం పలుచబడి వెలుగు ఎక్కువ దిగేది. తర్వాత తడి స్పాంజి తగిలించిన బొటనవేలితో నంబరు మీద రుద్దేవాడు. ప్రభుత్వ ముద్రణ చెదిరేది కాదు. ఇంట్లో పూసిన సిరా వేలికి అంటేది. పట్టుబడినవాణ్ని తిట్టేవాడు కాదు. టికెట్టు తిరిగి చేతిలో పెట్టి, "పోయిరా నాయనా" అనేవాడు.

రిజల్టు షీటు వచ్చే రోజు బంకు ముందు నిలబడటానికి చోటుండేది కాదు. చదువు రానివాళ్ల టికెట్లు చూసిపెట్టడం నా పని. సీరీస్ చూడు, తర్వాత చివరి నాలుగు అంకెలు, తర్వాత మూడు, తర్వాత రెండు. షీటు మీద వేలు జరుగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డ గ్యాంగ్‌మ్యాన్ నా మొహంలోకే చూసేవాడు. "లేదు మామా" అంటే "సరేలే అబ్బోడా, వచ్చే వారం చూస్తాం" అని తువ్వాలు దులుపుకుని డ్యూటీకి పోయేవాడు. ఆ మాటలోని నెమ్మదిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ ఆటకు వారం వ్యవధి ఉండేది. మనిషి ఆ వారంలో మిగతా పనులన్నీ చేసుకునేవాడు.

మా జేజి నెలకొక టికెట్టు తెప్పించుకుని వెంకటరమణస్వామి పటం వెనక పెట్టేది. తగలకపోతే, "పోనీలే, ఆ రూపాయి యాడో ఒక బడికో బావికో పోయింటాది" అనేది. ప్రభుత్వాలు చెప్పిన మాటే ఆమె నమ్మింది. కేరళ 1967లో ప్రైవేటు లాటరీలను ఆపి తానే లాటరీ మొదలుపెట్టింది. 1968 జనవరి 26న తీసిన తొలి డ్రాకు టికెట్టు ఒక రూపాయి, మొదటి బహుమతి 50,000. ఆ ఏడాదే అన్నాదురై ప్రభుత్వం తమిళనాడులో మొదలుపెట్టింది. తగిలితే ఇంటికి, తగలకుంటే నాడుకు అన్నది వాళ్ల నినాదం సారాంశం. జనం ఎలాగూ జూదమాడతారు, ఆ డబ్బు దొంగచేతుల్లోకి పోకుండా ఖజానాకు వస్తే ఆసుపత్రో రోడ్డో అవుతుందన్నది వాళ్ల ఆలోచన. ఆ ఆలోచనను నేను ఇప్పటికీ తీసిపారేయను.

ఆ దొంగచెయ్యి మా బంకుకు ఇరవై అడుగుల దూరంలోనే ఉండేది. మట్కా. టీ అంగడి వెనక సందులో పందేలు రాసుకునే బీటరు ఒక చిన్న నోటుపుస్తకంతో నిలబడేవాడు. రూపాయి ఇస్తే చిన్న చీటీ ముక్క మీద నంబరు గిలికి ఇచ్చేవాడు. సాయంత్రానికి ఆ నంబర్ల పట్టీలన్నీ ఆట నడిపే కంపెనీకి చేరేవి. ఆట బొంబాయిది. ఒకప్పుడు న్యూయార్కు పత్తి ధరల అంకెల మీద పందేలు కాసేవాళ్లు. ఆ ధరలు రావడం ఆగిపోయాక, 1962లో కల్యాణ్‌జీ భగత్, ఆ తర్వాత రతన్ ఖత్రీ సొంతంగా అంకెలు తీయడం మొదలుపెట్టారు. మూడు అంకెలు తీస్తారు, 3, 5, 6 అనుకుందాం. కలిపితే 14, అందులో చివరి అంకె 4. అది ఓపెన్. రాత్రికి మళ్లీ మూడు తీస్తారు, 2, 8, 8 వస్తే 18, చివరి అంకె 8. అది క్లోజ్. రెండూ కలిపితే 48, జోడీ. జోడీ తగిలితే మా ఊళ్లో రూపాయికి ఎనభై. బొంబాయిలో తీసిన అంకె నిమిషాల్లో ట్రంకు కాల్ మీద వచ్చేది. గుంతకల్లు, తాడిపత్రి, ప్రొద్దుటూరు, ఎక్కడ చూసినా ఆ అంకె కోసమే చెవులు నిక్కబొడుచుకుని జనం. మట్కా వల్ల ఇల్లు అమ్ముకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. టికెట్టు కొని ఇల్లు అమ్ముకున్నవాణ్ని ఆ రోజుల్లో నేను చూడలేదు.

ఒకే బజారులో రెండు ఆటలు. ఒకటి ఎండలో, ఒకటి సందులో. ఎందుకలా అని చిన్నాయనను అడిగితే టికెట్టు మీద ముద్ర చూపించేవాడు. తర్వాత చదువుకున్నాక తెలిసింది, సంగతి నిజంగా ఆ ముద్రలోనే ఉందని. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జూదం, పందేలు రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే లాటరీ మాత్రం కేంద్ర జాబితాలో 40వ అంశం. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ కార్యాలయం పెడితే శిక్షాస్మృతి 294-ఎ సెక్షను కింద ఆరు నెలల జైలు దాకా ఉండేది. ఇప్పుడది న్యాయ సంహితలో 297వ సెక్షను. మట్కా బీటరును పట్టుకుపోవడానికి 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. పోలీసులు వస్తున్నారని తెలియగానే బీటరు చీటీలు నోట్లో వేసుకుని నమిలి మింగడం నేను కళ్లారా చూశాను. వారం తిరిగేలోపు అదే సందులో అదే పుస్తకంతో నిలబడేవాడు.

ఈ రెంటి మధ్యలో ఇంకో రకం కూడా ఉండేది, స్కీములు. నెలకు ఇంత చొప్పున కడితే నెల నెలా డ్రా తీస్తారు. పేరు వస్తే బీరువానో కుక్కరో గ్రైండరో ఇంటికొస్తుంది, ఇక కట్టక్కర్లేదు. ప్రైజు చిట్లను, ఇలాంటి పథకాలను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. అయినా మా వీధి ఆడవాళ్లందరి చేతుల్లోనూ స్కీము కార్డులుండేవి. గోడల మీద రంగుల పోస్టర్లు, రిక్షాలో మైకు ప్రచారం, అంతా బహిరంగమే. ఇవి చట్టం ఒప్పుకోనివని ఆ ఆడవాళ్లకు ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు. స్కీమువాడు సగంలో బోర్డు తిప్పేసి పోతే ఏడ్చి ఊరుకునేవాళ్లు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మట్కాలో నూరు నంబర్లలో ఒకటి తగిలే ఆటకు రూపాయికి ఎనభై ఇచ్చేవాళ్లు, అంటే వసూలైన నూరులో ఎనభై మళ్లీ ఆడినవాళ్లకే పోతుంది. ప్రభుత్వ లాటరీలో బహుమతులుగా తిరిగొచ్చేది సుమారు సగమో అంతకు కాస్త ఎక్కువో. కాగితం మీద చూస్తే మట్కాయే మేలు. కానీ కొంపలు కూల్చింది మట్కా, టికెట్టు కాదు. తేడా అంతా ఎన్నిసార్లు ఆడతారన్నదాంట్లో ఉంది. పొద్దున పోయినదాన్ని రాత్రికి రాబట్టుకోవచ్చని ఆశ పుట్టించే ఆట మనిషిని వదలదు. వారానికొకసారి వచ్చే ఆటలో పోయింది రూపాయే. మరుసటి వారానికి బుద్ధి చల్లబడి ఉంటుంది.

ఈ తేడా 90లలో చెరిగిపోయింది. సింగిల్ నంబర్ లాటరీ వచ్చింది. ఎక్కడో దూరపు రాష్ట్రం పేరు, ముద్ర మాత్రం ప్రభుత్వానిది, ఆట మట్కాది. సున్న నుంచి తొమ్మిదిలో ఒక్క అంకె. రోజుకు ఒక డ్రా కాదు, పూటకు కొన్ని డ్రాలు. ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి కాబట్టి ఫలితం క్షణాల్లో. బంకుల ముందు తాళ్లు, టికెట్ల రంగులు పోయి, నల్లబల్ల, సుద్దముక్క మిగిలాయి. ఒక డ్రా అయ్యీ కాకముందే ఇంకో డ్రాకు డబ్బు తీసుకునేవాళ్లు. మధ్యాహ్నం డ్యూటీ దిగిన మనిషి సాయంత్రానికి జీతం కవరు ఖాళీ చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయేవాడు. ఆడవాళ్లు బంకుల మీదికి వచ్చి శాపనార్థాలు పెట్టారు. ఒకామె మా బంకు ముందు నిలబడి మంగళసూత్రం చేత్తో ఎత్తి చూపించి, "ఇదొక్కటే మిగిలింది, ఇదీ రాసుకో" అంది. చిన్నాయన ఆ రోజు బంకు మూసి ఇంటికి వచ్చేశాడు. సింగిల్ నంబరు అమ్మనని సబ్ ఏజెంటుకు చెప్పేశాడు. కానీ అప్పటికి వారం టికెట్టు కొనేవాళ్లే లేరు. గంటకొక ఫలితం అలవాటైనవాడు వారం ఆగుతాడా?

1998లో పార్లమెంటు లాటరీల నియంత్రణ చట్టం చేసింది. అందులో నాలుగో సెక్షనును నేను చదివినప్పుడు మా బజారును ఎరిగినవాళ్లెవరో రాసినట్టే అనిపించింది. ఒక్క అంకె మీద బహుమతి ఉండకూడదు. ముందే ప్రకటించిన నంబరు మీద ఉండకూడదు. టికెట్లు రాష్ట్రమే అచ్చు వేయించాలి, వాటి మీద దాని ముద్ర ఉండాలి. డ్రా ఆ రాష్ట్రంలోనే తీయాలి. ఒక లాటరీకి వారంలో ఒకటికి మించి డ్రా ఉండకూడదు. బంపర్ డ్రాలు ఏడాదికి ఆరుకు మించకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా కఠిన జైలు. ఐదో సెక్షను కింద ఇతర రాష్ట్రాల టికెట్లను తన గడ్డమీద అమ్మనివ్వకుండా నిషేధించే అధికారం రాష్ట్రానికి ఇచ్చారు. 1999లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే, తన లాటరీని నడుపుకుంటూ పక్క రాష్ట్రం వాళ్లది మాత్రం ఆపడం కుదరదంది. ప్రభుత్వం నడిపినంత మాత్రాన లాటరీ జూదం కాకుండా పోదని కూడా చెప్పింది. సరైన మాటే. పదేళ్లు ముందు ఈ నాలుగో సెక్షను ఉండి, దాన్ని నిజంగా అమలుచేసి ఉంటే మా బజారు కథ వేరుగా ఉండేది.

అమలు అయిందంతా నిషేధమే. మన దగ్గర టికెట్ల అమ్మకం మూతపడింది. తమిళనాడులో 2003 జనవరిలో జయలలిత ప్రభుత్వం ఆపేసింది. మా ఊరివాళ్లు కొన్నాళ్లు ప్యాసింజరు ఎక్కి బళ్లారి పోయి కొనుక్కొచ్చుకునేవాళ్లు. 2007 ఏప్రిల్ నుంచి కర్ణాటక కూడా మూసేసింది. దాంతో రైలు పార్సిల్లో టికెట్ల కట్టలు రావడం పూర్తిగా ఆగిపోయింది. చిన్నాయన బంకు చెక్కలు విప్పి అమ్మేసి, రేషను అంగట్లో తూకం పనికి కుదిరాడు.

మట్కా మాత్రం మూతపడలేదు. చీటీ పోయి వాట్సాప్ వచ్చింది, అంతే. తమిళనాడులో మూడంకెల లాటరీ చాటుమాటుగా నడుస్తూనే ఉంది. 2019 డిసెంబర్లో విళుప్పురంలో ఆ లాటరీ అప్పుల్లో కూరుకుపోయి ఒక స్వర్ణకారుడి కుటుంబం, ముగ్గురు ఆడపిల్లలతో సహా, ప్రాణాలు కోల్పోయింది. ఇక ఫోన్లోని ఆటల సంగతి అందరికీ తెలుసు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నిమిషానికొక ఫలితం చేతిలోనే ఉంటే, సింగిల్ నంబరు కాలంలో ఆ మెట్ల మీద చూసిన మొహమే ఇంటింటా కనిపిస్తుంది.

కేరళకు పోతే ఇప్పటికీ కాగితం టికెట్టు చూడొచ్చు. తిరువనంతపురం స్టేషన్ బయట మెడలో అట్టతో ఒక ముసలాయన నిలబడి ఉంటే కాసేపు అక్కడే ఆగిపోయాను. అక్కడ రోజూ డ్రా ఉంటుంది, అయితే రోజుకొక పేరుతో, ఒక్కో పేరు వారానికొక్కసారే. చట్టం గీసిన గీతను అలా సర్దుకున్నారు. ఇది నాకు పూర్తిగా నచ్చదు. తిరువోణం బంపర్ మొదటి బహుమతి 2022 నుంచి 25 కోట్లు, టికెట్టు 500 రూపాయలు. ఇదీ నాకు నచ్చదు. కూలి మనిషికి అది ఒక రోజు సంపాదనలో పెద్ద ముక్క. కానీ ఒక పని మాత్రం కేరళ చేసింది. టికెట్లు అమ్మే చిల్లర మనుషుల కోసం ఒక సంక్షేమ నిధి, దానికొక బోర్డు పెట్టింది. కారుణ్య పేరుతో లాటరీ పెట్టి పేదల వైద్యానికి నిధి సమకూర్చింది. మా జేజి చెప్పిన బడో బావో అక్కడ కొంతైనా నిజమయింది.

గుంతకల్లులో మెడలో అట్ట తగిలించుకుని తిరిగినవాళ్లకు ఎవరూ ఏ దారీ చూపలేదు. ముందు రోజు దాకా ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని అమ్ముకున్నవాళ్లు, మరుసటి రోజు అదే కాగితం చేతిలో ఉంటే నేరస్తులు. వేళ్లతో కాగితం గుర్తుపట్టే ఆ పెద్దాయన కొన్నాళ్లు ప్లాట్‌ఫారం మీద దువ్వెనలు, తాళంచెవి గొలుసులు అమ్మి చూశాడు. తర్వాత కనిపించలేదు. నిషేధం తప్పని నేను అనను. జూదం ఆపే చట్టాలు రావాలి, ఫోన్లో ఆడించేవాళ్ల మీద ఇంకా గట్టివి రావాలి. అయితే ఇకమీదట ఏ ప్రభుత్వమైనా నిన్నటిదాకా తానే అమ్మించినదాన్ని ఈ రోజు ఆపదలిస్తే, ఉత్తర్వుతో పాటే అమ్ముకు బతికినవాళ్ల జాబితా రాయించి, వాళ్లకొక పింఛనో బంకో ఇచ్చి, ఆ తర్వాతే అమలు చేయాలని నా విన్నపం.